ఊరు దాటిన మురుగు... ఎవరి వాకిట్లోకి?

పొద్దున్నే లేచి ఫ్లష్ నొక్కుతాం. నీళ్లు గిర్రున తిరిగి మాయమైపోతాయి. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ పట్టదు. కానీ అలా మాయమైంది ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. ఒక్కోసారి మూడు వేల కిలోమీటర్ల అవతల ఓ ఎడారి పల్లెలో తేలుతుంది! ప్రపంచంలోని సంపన్న నగరాల్లో ఒకటైన న్యూయార్క్ తన మురుగును వదిలించుకోవడానికి సముద్రం వైపు చూసింది, ఎడారి వైపు చూసింది, గోధుమ చేల వైపు చూసింది. ఆ ప్రయాణం పొడవునా ఒకటే ప్రశ్న. ఒక ఊరి మురుగును ఇంకో ఊరు ఎందుకు మొయ్యాలి?

అది 2018వ సంవత్సరం. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పారిష్ అనే చిన్న పట్టణం. జనాభా వెయ్యికి అటూ ఇటూ. అక్కడి రైల్వే యార్డులోకి ఓ గూడ్సు రైలు వచ్చి ఆగింది. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు... రెండు నెలలకు పైగా!

అందులో ఉన్నది బొగ్గు కాదు, ఇనుమూ కాదు. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల మురుగునీటిని శుద్ధి చేయగా మిగిలిన మడ్డి. దాదాపు 45 లక్షల కిలోలు. యార్డు పక్కనే ఇళ్లు, పిల్లలు బేస్‌బాల్ ఆడుకునే మైదానం. ఎండలు ముదిరే కొద్దీ కంపు కూడా ముదిరింది. జనం వరండాల్లో కూర్చోలేకపోయారు. తలుపులు బిడాయించుకుని లోపలే ఉండిపోయారు. పట్టణ మేయర్ హెదర్ హాల్ ఆ వాసనను శవాల కంపుతో పోల్చారు. అధికారులేమో ఆ సరుకు వల్ల ఆరోగ్యానికి ప్రమాదం లేదన్నారు. ఆ మాటతో వాసన తగ్గదుగా!

నిజానికి ఆ రైలు గమ్యం పారిష్ కాదు. ఆడమ్స్‌విల్ దగ్గరున్న ఓ ప్రైవేటు డంపింగ్ యార్డు. మొదట్లో సరుకును దగ్గర్లోని వెస్ట్ జెఫర్సన్ అనే ఊళ్లో రైలు నుంచి లారీల్లోకి ఎక్కించేవారు. ఆ ఊరివాళ్లు కోర్టుకెళ్లి ఆపించారు. దాంతో రైలు పారిష్‌కు మళ్లింది. ఒక ఊరు గట్టిగా వద్దంటే పక్క ఊరి నెత్తిన పడిందన్నమాట! అంతేకాదు, పారిష్‌లో ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే జోనింగ్ నిబంధనలే లేవు. అడ్డుచెప్పడానికి కాగితం మీద ఆధారం లేని ఊరన్నమాట. చివరికి ఏప్రిల్ నెలలో ఆఖరి కంటెయినర్ కదిలాకే ఆ పట్టణం ఊపిరి పీల్చుకుంది.

నీళ్లు పోగా మిగిలేది...

ఇంతకీ ఈ మడ్డి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇళ్ల నుంచి వచ్చే మురుగులో 99 శాతానికి పైగా నీళ్లే. శుద్ధి కేంద్రంలో మొదట చెత్తాచెదారాన్ని జల్లెడ పట్టి తీసేస్తారు. తర్వాత పెద్ద తొట్లలో కదలకుండా ఉంచితే బరువైనదంతా అడుగుకు చేరుతుంది. మిగిలిన నీటిలోకి గాలి పంపుతారు. అందులోని సూక్ష్మజీవులు మలినాల్ని తిని బలిసి, అవీ అడుగుకు దిగుతాయి. తేటనీటిని క్లోరిన్‌తో శుభ్రపరచి నదిలోకి వదిలేస్తారు. అడుగున చేరిందే ఇంజినీర్ల భాషలో స్లడ్జి. మన మాటలో మడ్డి.

దాన్ని గాలి చొరబడని డైజెస్టర్లలో రెండు మూడు వారాలు వెచ్చగా మగ్గబెడతారు. మన గోబర్ గ్యాస్ ప్లాంటు సూత్రమే! గ్యాస్ వస్తుంది, చాలా క్రిములు చస్తాయి. ఆపైన గిర్రున తిప్పే యంత్రాల్లో వేసి నీళ్లు పిండేస్తే తడిమట్టి ముద్దలాంటిది మిగులుతుంది. నీటిని ఎంత బాగా శుభ్రం చేస్తే ఈ ముద్ద అంత ఎక్కువ. అంటే నది బాగుపడే కొద్దీ మడ్డి గుట్ట పెరుగుతుంది!

న్యూయార్క్ నగరంలో ఇలాంటి శుద్ధి కేంద్రాలు 14. రోజూ వాటికి చేరే మురుగు సుమారు 490 కోట్ల లీటర్లు. చివరికి మిగిలే ముద్ద రోజుకు దాదాపు 1,200 టన్నులు. లారీకి పది టన్నులనుకుంటే రోజుకు 120 లారీలు. ఆదివారం లేదు, పండగ లేదు. క్రిస్మస్ రోజున కూడా 120 లారీలే!

సముద్రం మోసినన్నాళ్లూ...

చాలా ఏళ్లపాటు న్యూయార్క్‌కు ఇదో సమస్యే కాదు. పక్కనే అట్లాంటిక్ మహాసముద్రం ఉందిగా! 1924 నుంచి తీరానికి 12 మైళ్ల దూరంలో, అంటే 19 కిలోమీటర్ల అవతల మడ్డిని ఓడల్లో తీసుకెళ్లి గుమ్మరించేవారు. జనం ఆ ఓడలకు ముద్దుగా పెట్టుకున్న పేరు ‘తేనె పడవలు’. ఒక్క న్యూయార్కే కాదు, లండన్ మహానగరం కూడా 1887 నుంచి 1998 దాకా మడ్డిని ఓడల్లోనే సాగనంపింది.

సముద్రం నోరు విప్పి వద్దనలేదు. కానీ దాని అడుగు మారిపోయింది. మడ్డి పడిన చోట జీవజాలం దెబ్బతింది. ఆ ప్రాంతంలో ఆల్చిప్పల వేట ఆపేయాల్సి వచ్చింది. దాంతో 1986 నుంచి ఓడల్ని ఇంకా దూరం పంపడం మొదలుపెట్టారు. ఈసారి 106 మైళ్లు, అంటే 170 కిలోమీటర్లు!

అంతలో 1987, 88 వేసవుల్లో న్యూయార్క్, న్యూజెర్సీ బీచ్‌లకు సిరంజీలు, ఆసుపత్రి చెత్త కొట్టుకొచ్చాయి. అవి మడ్డి ఓడల నుంచి వచ్చినవి కావు. కానీ జనం కోపానికి ఆ తేడా పట్టలేదు. సముద్రంలో ఇక ఏదీ వెయ్యొద్దన్నారు. 1988లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది. 1991 చివరికల్లా సముద్రంలో మడ్డి పారబోయడం ఆగాలని గడువు పెట్టింది. న్యూయార్క్ మాత్రం మరో ఆరు నెలలు లాగి, 1992 జూన్ 30న ఆఖరి ఓడ పంపింది.

సముద్రం బతికింది. మరి 1992 జులై 1న పుట్టిన మడ్డి ఎక్కడికెళ్లాలి?

ఎడారికి రైలెక్కింది

జవాబు టెక్సాస్‌లో దొరికింది. మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉన్న సియెర్రా బ్లాంకా. ఏడెనిమిది వందల జనాభా. ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పేదలు. ఆ ఊరి పక్కన మెర్కో అనే సంస్థ 1.28 లక్షల ఎకరాల పశువుల బీడు కొంది. న్యూయార్క్ మడ్డిని తెచ్చి ఆ బీడు మీద చల్లడానికి కాంట్రాక్టు కుదుర్చుకుంది. ఓక్లహోమా రాష్ట్రంలో ప్రయత్నిస్తే అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. టెక్సాస్‌లో అనుమతి చిటికెలో వచ్చేసింది. రోజుకు దాదాపు 250 టన్నుల మడ్డి మూడు వేల కిలోమీటర్లకు పైగా రైల్లో ప్రయాణం చేసి ఆ ఎడారికి చేరేది!

బీడు భూమికి మేలు జరుగుతుందని, గడ్డి పెరుగుతుందని సంస్థ చెప్పింది. ఊరికి విరాళాలూ ఇచ్చింది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. మరికొందరు కంపు భరించలేకపోయారు. ఊరు రెండుగా చీలింది. 1994లో ఓ టీవీ కార్యక్రమం ఈ మడ్డి రైలు కథను దేశమంతటికీ చూపించింది. సంస్థ పరువు నష్టం దావా వేస్తే జ్యూరీ 50 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. పైకోర్టు దాన్ని కొట్టేసింది.

కథ అక్కడితో ఆగలేదు. ఒకసారి ‘పారబోసే చోటు’ అన్న పేరు పడితే వదలదేమో! అదే ఊరి దగ్గర అణు వ్యర్థాల్ని పాతిపెట్టే ప్రతిపాదన ఒకటి నడిచింది. టెక్సాస్‌వే కాదు, ఎక్కడో ఈశాన్య మూలనున్న మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల వ్యర్థాలు కూడా అక్కడికే చేరాలన్నది ఒప్పందం. సరిహద్దుకు రెండు వైపులా జనం ఏళ్ల తరబడి పోరాడితే 1998 అక్టోబర్‌లో టెక్సాస్ అధికారులు అనుమతి నిరాకరించారు. మడ్డి రైలు మాత్రం 2001లో గానీ ఆగలేదు. న్యూయార్క్ నగరం కాంట్రాక్టు రద్దు చేసుకోవడంతో!

అన్నట్టు, నగరం తన మడ్డినంతా బయటికే పంపలేదు. కొంత ఊళ్లోనే ఉంచుకుంది. ఎక్కడంటారా? సౌత్ బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్‌లో. అక్కడ 1990ల తొలినాళ్లలో మడ్డిని వేడిచేసి ఎరువు గుళికలుగా మార్చే కర్మాగారం పెట్టారు. న్యూయార్క్‌లోని నిరుపేద పేటల్లో అదొకటి. కంపు మీద చుట్టుపక్కల తల్లులు సంఘంగా ఏర్పడి కోర్టుకెక్కారు. 2010లో అది మూతబడింది. దూరం పంపినా, దగ్గర ఉంచినా చేరేది పేదవాడి గుమ్మానికే!

అదే మడ్డి... అక్కడ ఎరువు!

ఇదే న్యూయార్క్ మడ్డికి ఇంకో కథ కూడా ఉంది. అది వింటే ముక్కు మూసుకున్నవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు.

సియెర్రా బ్లాంకాకు రైళ్లు వెళ్తున్న రోజుల్లోనే కొలరాడో రాష్ట్రంలోని లామర్ అనే ఊరికీ న్యూయార్క్ రైళ్లు వెళ్లేవి. అదంతా మెట్ట నేల. వాన తక్కువ, సారం తక్కువ. పండేది గోధుమ. మొదట్లో అక్కడా అనుమానాలే. కొద్దిమంది రైతులు ధైర్యం చేసి తమ చేలల్లో చల్లనిచ్చారు. పంట బాగా వచ్చింది. పక్క చేను పచ్చగా ఉంటే రైతు ఊరుకుంటాడా? మాకూ కావాలంటే మాకూ కావాలంటూ వరస కట్టారు. చివరికి అడిగినవాళ్లందరికీ మడ్డి చాలని పరిస్థితి! ఆ రైళ్లను ఆపింది జనం కోపం కాదు. అంతదూరం మోయలేని రవాణా ఖర్చు.

ఇందులో వింతేమీ లేదు. పశువుల పెంటలో ఉన్నట్టే మనిషి మలంలోనూ నత్రజని, భాస్వరం ఉంటాయి. ఒకప్పుడు జపాన్‌లోని ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఇళ్ల మరుగుదొడ్లలోని మలాన్ని రైతులు డబ్బిచ్చి మరీ కొనుక్కెళ్లేవారు. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచీ తన మురుగు మడ్డిని ఎండబెట్టి, సంచుల్లో నింపి ‘మిలార్గనైట్’ పేరుతో తోటలకు ఎరువుగా అమ్ముతోంది. జనం షాపుకెళ్లి కొనుక్కుంటున్నారు.

మరి పారిష్‌కూ లామర్‌కూ తేడా ఎక్కడుంది? లామర్‌లో రైతు కళ్లారా చూసి, కావాలని అడిగి తీసుకున్నాడు. అతని చేనుకు లాభం కలిగింది. పారిష్‌ను ఎవరూ అడగలేదు. లాభం డంపింగ్ యార్డుకు, కంపు ఊరికి!

వద్దంటే ఆగుతుందా?

ఊరు మొత్తం ఏకమై వద్దంటే? ఆ ముచ్చటా జరిగింది.

లాస్ ఏంజెలెస్ నగరం తన మడ్డిని ఉత్తరాన ఉన్న కెర్న్ కౌంటీకి లారీల్లో పంపుతుంది. అక్కడ దాదాపు 4,700 ఎకరాల పొలాన్ని 2000లో ఏకంగా కొనేసింది. ఆ మడ్డితో పశువుల మేత పండిస్తారు. కెర్న్ అంటే కూరగాయలు, పండ్ల తోటలకు పేరున్న వ్యవసాయ ప్రాంతం. నగరం మలం తమ నేల మీద చల్లడమేమిటని అక్కడి జనం మండిపడ్డారు. 2006లో ఓటింగ్ పెడితే 83 శాతం మంది వద్దన్నారు!

అంత భారీగా వద్దన్నాక ఆగిపోయిందనుకుంటున్నారా? లేదు. నగరం కోర్టుకెళ్లింది. వ్యాజ్యం పదేళ్లు నడిచింది. మడ్డిని తిరిగి వాడుకోవడాన్ని ప్రోత్సహించే రాష్ట్ర చట్టానికి ఇది విరుద్ధమంటూ 2016లో కోర్టు కెర్న్ నిషేధాన్ని కొట్టేసింది. నగరం వాదనలోనూ పస లేకపోలేదు. ప్రతి కౌంటీ తలుపులు మూసేస్తే మడ్డి ఎక్కడికెళ్లాలి? కాకపోతే ఆ ప్రశ్నకు జవాబు వెతికే బరువు మాత్రం ఎప్పుడూ అవతలి ఊరి మీదే పడుతోంది.

కనిపించని విషం

వాసనైతే ముక్కుకు తెలుస్తుంది. తెలియనిదే అసలు భయం.

డ్రైనేజీలోకి వెళ్లేది మలమూత్రాలు మాత్రమే కాదు. ఫ్యాక్టరీల రసాయనాలు, భార లోహాలు, మందులు, సబ్బులు... అన్నీ అందులోనే. అమెరికాలో 1993లో తెచ్చిన నిబంధనలు మడ్డిలోని క్రిములకూ, కొన్ని లోహాలకూ పరిమితులు పెట్టాయి. కానీ అప్పట్లో ఎవరూ పట్టించుకోని రసాయనాల కుటుంబం ఒకటుంది. పేరు పీఫాస్. అంటుకోని పెనాల పూతల్లో, నీరు పట్టని బట్టల్లో, మంటలార్పే నురగలో వాడతారు. ఏళ్లు గడిచినా నశించవు. అందుకే వాటికి ‘శాశ్వత రసాయనాలు’ అని పేరు.

మెయిన్ రాష్ట్రంలో దశాబ్దాలపాటు మడ్డిని ఎరువుగా పొలాలకు వేశారు. 2016 తర్వాత అక్కడి పాడి పొలాల్లో పరీక్షలు చేస్తే మట్టిలో, నీటిలో, ఆవుపాలలో పీఫాస్ బయటపడింది. కొందరు రైతుల జీవనమే కూలిపోయింది. ప్రభుత్వం చెప్పిందే వాళ్లు చేశారు. ఎరువని నమ్మి వేసుకున్నారు! 2022లో మెయిన్ రాష్ట్రం మడ్డిని పొలాలకు వెయ్యడం పూర్తిగా నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే.

మంచి పని. కానీ మడ్డి పుట్టడం ఆగదుగా! డంపింగ్ యార్డులో పరిమితి వచ్చిపడింది. దాంతో 2023లో మెయిన్ మడ్డి లారీలు సరిహద్దు దాటి కెనడాలోని న్యూ బ్రన్‌స్విక్‌కు వెళ్లాయి. ఒకప్పుడు తన అణు వ్యర్థాల్ని టెక్సాస్ పల్లెకు పంపాలనుకున్న రాష్ట్రమే ఇది. తన నేలకు వద్దనుకున్నది మళ్లీ పక్కింటికి! 2025 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ఓ ముసాయిదా నివేదిక ఇచ్చింది. ఈ రసాయనాలున్న మడ్డి వేసిన పొలాల మీద, వాటి పంట మీద ఆధారపడి బతికేవారికి ముప్పు ఉండొచ్చన్నది దాని సారాంశం. లామర్‌లో బంగారంలా కనిపించింది కూడా లోపల ఏముందో చూసుకుంటేనే బంగారమన్నమాట.

మనకు రైలక్కర్లేదు... మూసీ చాలు!

అమెరికావాళ్ల గొడవ మనకెందుకు అనుకోవద్దు. మనమూ మురుగును ఊరు దాటిస్తూనే ఉన్నాం. కాకపోతే టికెట్ కొనకుండా!

హైదరాబాద్ మురుగు దశాబ్దాలుగా మూసీలోకి చేరుతోంది. మూసీ నల్గొండ జిల్లా మీదుగా వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం దిగువన ఉన్న పల్లెలకు మురుగుతో పాటు ఏడాది పొడవునా నీళ్లూ వస్తాయి. ఆ నీటికి వరి సరిగా రాక చాలామంది రైతులు పశువులు మేసే పారాగడ్డికి మళ్లారు. ఆ గడ్డి తిరిగి నగరంలోని పాడి గేదెలకే వస్తుంది. ఆ పాలు ఎవరింటికి వస్తాయో చెప్పనక్కర్లేదు! మురుగు మొత్తాన్నీ శుద్ధి చేయడానికని 2021లో హైదరాబాద్‌కు కొత్తగా 31 శుద్ధి కేంద్రాలు మంజూరు చేశారు. నీళ్లు శుభ్రపడితే సంతోషమే. మరి వాటి అడుగున తేలే మడ్డి?

తెలుగు మాట బాగా వినిపించే కర్ణాటకలోని కోలారుదీ ఇలాంటి కథే. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, పైపుల ద్వారా కోలారు జిల్లా చెరువులకు పంపే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఎండిపోయిన చెరువులు నిండాయి. బోర్లలోకి నీళ్లొచ్చాయి. కరవు చూసిన రైతుకు అది వరమే. కానీ మొదలైన కొద్దిరోజులకే ఓ చెరువులో నురగ తేలింది. ఇంకో అంచె శుద్ధి చేశాకే పంపాలంటూ కొందరు కోర్టుకెళ్లారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, అదే ఏడాది ఎత్తేసింది. కోలారు రైతులు అడుగుతున్నది నీళ్లు వద్దని కాదు, మంచిగా చేసి పంపమని.

ఇక మన చిన్న పట్టణాల్లో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే గతి. అవి నిండితే లారీ వస్తుంది, లాగేసుకుని వెళ్లిపోతుంది. చాలాచోట్ల ఊరి చివర కాలువో, చెరువో, బీడో దాని గమ్యం. వరంగల్ నగరం 2016లోనే ఈ లారీల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. సెప్టిక్ మడ్డిని శుద్ధి చేసే కేంద్రాన్నీ పెట్టుకుంది. ఊరి మడ్డిని ఊళ్లోనే చూసుకోవడం సాధ్యమేనని అది చెబుతోంది.

ఇంట్లో మొదలవ్వాలి

పారిష్, సియెర్రా బ్లాంకా, కెర్న్, కోలారు... ఎక్కడైనా జనం అడిగినవి మూడే. మమ్మల్ని అడిగారా? అందులో ఏముందో చెప్పారా? మాకేంటి లాభం? ఈ మూడింటికీ జవాబున్నచోట మడ్డి ఎరువైంది. లేనిచోట గొడవైంది.

ఇందులో రెండో ప్రశ్నకు జవాబు కొంతవరకూ మన చేతుల్లోనే ఉంది. కాలం చెల్లిన మందుల్ని టాయిలెట్లో పారేయకపోవడం, పెయింట్లూ థిన్నర్లూ సింకులో పోయకపోవడం, శానిటరీ నాప్‌కిన్లూ ప్లాస్టిక్ కవర్లూ డ్రైనేజీలో పడేయకపోవడం చిన్న పనులే. ఇంట్లో డ్రైనేజీలోకి పోసిన ప్రతి చుక్కా రేపు ఎవరి చేలోనో, ఎవరి చెరువులోనో తేలుతుంది.

ఈసారి మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు లారీ వస్తే డబ్బులిచ్చే ముందు డ్రైవర్ని ఒక్క మాట అడగండి. “ఎక్కడ పోస్తావు బాబూ?” అని. అతను నీళ్లు నమిలితే మున్సిపాలిటీకి ఫోన్ చెయ్యండి. ఆ లారీ ఆగబోయే చోట కూడా ఇళ్లున్నాయి. వాటి వరండాల్లోనూ సాయంత్రం పూట జనం కూర్చుంటారు.